ప్రపంచ చరిత్ర పేపరు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రపంచ చరిత్ర పేపరు అనగానే అందరూ తేదీలకు భయపడతారు. నేనైతే పేర్లకు భయపడమంటాను. తేదీ మర్చిపోతే ఒక మార్కు పోతుంది. పదహారో లూయీకి బదులు పద్నాలుగో లూయీ తల నరికించామంటే ఎస్సే మొత్తం పోతుంది. బి.ఏ.లో ఈ పేపరు చదివి, రాసి, ఇప్పుడు జూనియర్లకు నోట్సు ఇస్తున్నాను. సెమిస్టర్ పరీక్షలు ఇంకా నెల ఉన్నాయనగా వాళ్ళకు చెప్పే జాగ్రత్తలే ఇవి.

ముందుగా ఫ్రాన్సు రాజులైన లూయీల సంగతి తేల్చుకోండి. పద్నాలుగో లూయీ 1643 నుంచి 1715 దాకా, అంటే 72 ఏళ్ళు రాజుగా ఉన్నాడు. ఫ్రెంచి విప్లవంలో 1793 జనవరి 21న గిలటిన్ ఎక్కింది పదహారో లూయీ. నెపోలియన్ పడిపోయాక గద్దె ఎక్కింది పద్దెనిమిదో లూయీ. మరి పదిహేడో వాడు ఏమయ్యాడని మా హాస్టల్లో ఒక రాత్రి పెద్ద చర్చే నడిచింది. పుస్తకాలు తిరగేస్తే దొరికాడు. పదహారో లూయీ కొడుకు. ఒక్క రోజు కూడా రాజ్యం చేయకుండా 1795లో, పదేళ్ళ వయసులో, జైల్లోనే చనిపోయాడు. అప్పటిదాకా జోకులు వేసుకుంటున్న గది ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఆ అంకె మాత్రం ఇక మాలో ఎవరికీ తప్పలేదు. నెపోలియన్ల దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. మూడో నెపోలియన్ మొదటి నెపోలియన్‌కు మనవడు కాదు, తమ్ముడి కొడుకు.

తర్వాత క్యాలెండరు. రష్యాలో అక్టోబరు విప్లవం ఏ నెలలో జరిగిందని బిట్ పేపర్లో అడుగుతారు. కళ్ళు మూసుకుని అక్టోబరు అని టిక్ పెట్టేయకండి, ఏ క్యాలెండరు ప్రకారం అడుగుతున్నారో చూడండి. అప్పట్లో రష్యా వాడిన పాత జూలియన్ క్యాలెండరు మనం వాడే దానికన్నా 13 రోజులు వెనక ఉండేది. వాళ్ళ 1917 అక్టోబరు 25 మనకు నవంబరు 7. అదే లెక్కన వాళ్ళ ఫిబ్రవరి విప్లవం మనకు మార్చిలో పడుతుంది. ఎస్సేలో రెండు తేదీలూ రాయడం మంచిది, దిద్దేవాళ్ళకు అనుమానం ఉండదు. 1918లో రష్యా కొత్త క్యాలెండరుకు మారినప్పుడు జనవరి 31 రాత్రి పడుకున్నవాళ్ళు ఫిబ్రవరి 14న లేచారు. ఇంగ్లండులో అంతకు ముందే, 1752లో, సెప్టెంబరు 2 తర్వాత రోజు సెప్టెంబరు 14 అయింది. ఇలాంటి ముక్కలు ఒకటి రెండు పట్టుకుంటే మిగతా తేదీలు వాటి చుట్టూ చేరతాయి.

18వ శతాబ్దం అంటే 1701 నుంచి 1800 వరకు. ఇది అందరికీ తెలుసు, పరీక్ష టెన్షన్‌లో అందరూ తప్పుతారు. క్రీ.పూ. అయితే అంకెలు తగ్గుతూ వస్తాయి. గ్రీకులు పర్షియన్లతో చేసిన మారథాన్ యుద్ధం (క్రీ.పూ. 490) ముందు, సలామిస్ యుద్ధం (క్రీ.పూ. 480) తర్వాత. వందేళ్ళ యుద్ధం పేరు చూసి వంద కలపకండి. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య అది 1337 నుంచి 1453 దాకా 116 ఏళ్ళు సాగింది.

ఇక మొదటి ప్రపంచ యుద్ధం. ఇక్కడ ఇంగ్లీషు పుస్తకాలు మనకు అన్యాయం చేస్తాయని నా గట్టి నమ్మకం. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్, బ్రిటన్ రాజు ఐదో జార్జి, రష్యా జారు రెండో నికోలస్, ముగ్గురూ ‘కజిన్స్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటాయి. కజిన్ అంటే ఏం తెలుస్తుంది? అన్నా, బావా, బావమరిదా? శుభలేఖలో పేర్లు వేసేటప్పుడు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వరసలు కలుపుతారు కదా, అలా కలిపి చూడండి. విల్‌హెల్మ్ తల్లి విక్టోరియా రాణికి పెద్ద కూతురు. జార్జి తండ్రి అదే రాణికి కొడుకు. అంటే విక్టోరియా విల్‌హెల్మ్‌కు అమ్మమ్మ, జార్జికి నాయనమ్మ. జార్జి విల్‌హెల్మ్‌కు మేనమామ కొడుకు, వయసులో ఆరేళ్ళు చిన్న, కాబట్టి బావమరిది. జార్జి తల్లీ నికోలస్ తల్లీ డెన్మార్కు రాజు కూతుళ్ళు, సొంత అక్కచెల్లెళ్ళు. అందువల్ల నికోలస్ జార్జికి పిన్ని కొడుకు, తమ్ముడు వరస. ఫోటోల్లో ఇద్దరూ కవలల్లాగే ఉంటారు. నికోలస్ భార్య అలెగ్జాండ్రా తల్లి కూడా విక్టోరియా కూతురే, విల్‌హెల్మ్ తల్లికి చెల్లెలు. అంటే అలెగ్జాండ్రా విల్‌హెల్మ్‌కు పిన్ని కూతురు, చెల్లెలు. చెల్లెలి మొగుడు నికోలస్ బావ వరస. అదే అలెగ్జాండ్రా జార్జికి మేనత్త కూతురు కాబట్టి మరదలు, తమ్ముడి భార్య కాబట్టి మళ్ళీ మరదలే. రెండు వైపుల నుంచీ వరస కలిసిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ గైడూ ఇవ్వలేదు.

దీన్ని ఒక పెద్ద కాగితం మీద గీసి మంచం పక్క గోడకు అంటించండి. 1914 జూలై చివర్లో యుద్ధం ఆపమంటూ విల్‌హెల్మ్, నికోలస్ ఒకరికొకరు ‘విల్లీ’, ‘నిక్కీ’ అని సంతకాలు పెట్టి టెలిగ్రాములు ఇచ్చుకున్నారు. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. మూడు రోజులకు, ఆగస్టు 4న, బ్రిటన్ జర్మనీ మీద ప్రకటించింది. బావా బావమరుదుల మాట లక్షలమంది ప్రాణాలను కాపాడలేకపోయింది. కానీ ఇక్కడ మరో జాగ్రత్త. ఈ చుట్టరికాన్ని యుద్ధ కారణాల్లో రాయకండి. కారణాలు అడిగితే కూటములు, ఆయుధాల పోటీ, వలసల కోసం పోటీ, బాల్కన్ జాతీయవాదం, సారయేవో హత్య (ఆ ఊళ్ళో ఆస్ట్రియా యువరాజును చంపడం), ఇవే రావాలి. వరసలు మనకు గుర్తుండటానికే.

పారిస్ దగ్గరి వెర్సాయ్ అనే పేరు కూడా మోసం చేస్తుంది. 1789 మే 5న ఎస్టేట్స్ జనరల్, అంటే ఫ్రాన్సు ప్రతినిధుల సభ, సమావేశమైంది వెర్సాయ్‌లో. 1871 జనవరి 18న జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించింది వెర్సాయ్ రాజప్రాసాదంలోని అద్దాల మందిరంలో. 1919 జూన్ 28న ఓడిన జర్మనీ సంధి మీద సంతకం చేసిందీ అదే మందిరంలో. సారయేవో హత్య 1914 జూన్ 28, సంధి 1919 జూన్ 28. సరిగ్గా అయిదేళ్ళు. ఈ ఒక్క జత పట్టుకుంటే పాఠం సగం వచ్చినట్టే. తెలుగు మీడియం వాళ్ళకు ఇంకో మాట: ఒక పుస్తకంలో వర్సెయిల్స్, ఇంకో దాంట్లో వెర్సాయ్ అని ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని పేపరంతా అదే రాయండి.

గైడ్లలో ఉండే కథలను నమ్మి రాసేయకండి. పారిస్‌లో జైలుగా వాడిన బాస్తీల్ కోట బద్దలు కొట్టి వేలమంది ఖైదీలను విడిపించారని రాసేవాళ్ళున్నారు. 1789 జూలై 14న లోపల ఉన్నది ఏడుగురు. జనం వెళ్ళింది ముఖ్యంగా మందుగుండు కోసం. ఆ రోజు రాజు పదహారో లూయీ తన డైరీలో ‘ఏమీ లేదు’ అని రాసుకున్న మాట నిజమే, అయితే అది వేట లెక్కల డైరీ, వేటలో ఏమీ దొరకలేదని అర్థం. రొట్టె లేకపోతే కేకు తినమని రాణి మేరీ ఆంత్వానెత్ అన్నట్టు ఆధారమే లేదు. అంతకు ముందు ఏడాది పంటలు పోయి, రొట్టె ధర చుక్కలంటి, పారిస్ పేదలు పస్తులున్నారు. అది రాయండి, అదే అసలు జవాబు.

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ, మనకెందుకు అనిపించిన రోజు చదువు ముందుకు సాగదు. అప్పుడు రెండు సంగతులు తలుచుకోండి. యూరప్‌లో ఏడేళ్ళ యుద్ధం (1756–63) నడుస్తుండగా ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ 1758లో మన కాకినాడ జిల్లా చందుర్తి దగ్గర తలపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పాఠంలోని యుద్ధం మన గడప దాకా వచ్చిందని తెలిశాక ఆ చాప్టరు నిద్ర తెప్పించదు.

మ్యాపును చివరి వారానికి వదలకండి. ఒకే ఊరికి సెయింట్ పీటర్స్‌బర్గ్, 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్, 1991లో మళ్ళీ పాత పేరు. ఏ ఏడాది సంగతి అడిగారో చూసి ఆ పేరు రాయాలి. రోజుకు ఒక ఖాళీ మ్యాపు నింపితే చాలు.

పరీక్ష ముందు రాత్రి కొత్త యూనిట్ మొదలుపెట్టవద్దు, నైట్ అవుట్ అసలు వద్దు. మా బ్యాచ్‌లో ఒకతను తెల్లవార్లూ రెండో ప్రపంచ యుద్ధం చదివి, హాల్లో బిస్మార్క్‌ను హిట్లర్ మంత్రివర్గంలో వేసి వచ్చాడు. 19వ శతాబ్దపు జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 1898లోనే పోయాడు. పాపం, తెలియక కాదు, నిద్ర లేక.

ప్రశ్నపత్రం చేతికి రాగానే ఆన్సర్ షీటు చివరి పేజీలో లూయీల వరస, 13 రోజుల తేడా, రెండు జూన్ 28లు రాసి పెట్టుకోండి, లేచేముందు ఆ పేజీని అడ్డంగా కొట్టేయండి. మ్యాపు ప్రశ్న ముందే ముగించండి. ఆఖరి పది నిమిషాల్లో పెన్సిల్ చెక్కుకునే తీరిక ఉండదు.