తొలకరికి ముందు: ఎండబెట్టిన స్లడ్జ్‌ను ఎరువుగా అమ్మేవారికి, కొనేవారికి జాగ్రత్తలు

మురుగునీటిని శుద్ధి చేసినప్పుడు మిగిలే బురదే స్లడ్జ్. మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వేసవి స్లడ్జ్‌ను ఎండబెట్టుకునే కాలం. రోహిణి కార్తె ఎండలు ముగిసి మృగశిర ప్రవేశించే వేళకు రైతులు దుక్కుల్లో వేయడానికి ఎరువు వెతుక్కుంటారు. సరిగ్గా అప్పుడే, వాన పడితే స్లడ్జ్ ఆరబెట్టే మడులు నిండిపోతాయని, ఉన్న సరుకును ఎలాగైనా వదిలించుకోవాలని కేంద్రాలవారు తొందరపడతారు. ఈ రెండు తొందరలూ కలిసిన చోట సగం ఎండిన, పరీక్షకు వెళ్లని సరుకు ట్రాక్టరెక్కి పొలానికి చేరిపోతుంది. కాబట్టి జాగ్రత్తలన్నీ మార్చి చివరికే మొదలు కావాలి. జూన్‌లో మొదలుపెడితే ప్రయోజనం ఉండదు.

ముందుగా గ్రహించవలసినది, ఎండటం వేరు, రోగక్రిములు చావడం వేరు అన్నది. కంకర మీద ఇసుక పరిచిన మడిలోకి స్లడ్జ్‌ను ఒక అడుగు మందానికి మించకుండా వదిలితే, నీటిలో కొంత కింద ఉన్న గొట్టాల ద్వారా దిగిపోతుంది, మిగిలినది గాలికి, ఎండకు ఆవిరైపోతుంది. మంచి ఎండల్లో రెండు వారాలకు పైపొర నెర్రెలు విచ్చి పెచ్చులుగా లేస్తుంది, చూసినవారికి పని పూర్తయినట్టే అనిపిస్తుంది. అప్పుడొక మందమైన పెచ్చును చేతొడుగులు వేసుకుని విరిచి చూడాలి. లోపల నల్లగా నిగనిగలాడుతూ, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే అది పైకి మాత్రమే ఎండినట్టు. పూర్తిగా ఎండి, పొడిగా విరిగి, వాసన లేకపోయినా అది సురక్షితమైన సరుకని చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఏలికపాముల గుడ్లు మందపాటి పెంకుతో ఉండి నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతికి ఉండగలవు. ఎండ ఎంత తీవ్రంగా ఉన్నా కాలేది పైపొర మాత్రమే.

ఆ గుడ్లను నమ్మకంగా చంపేది తగినంత వేడి, తగినంత కాలం. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి తన స్లడ్జ్‌ను తిరిగే డ్రమ్ముల్లో వేడిగాలితో ఆరబెట్టి మిలోర్గనైట్ అనే పేరుతో ఎరువుగా అమ్ముతోంది. ఆ దేశంలో 1993లో వచ్చిన నిబంధనల ప్రకారం, వేడితో ఆరబెట్టిన సరుకు ఎలాంటి ఆంక్షలూ లేని ‘ఎ’ తరగతిలో (క్లాస్-ఎ) చేరాలంటే రేణువుల వేడి గాని, యంత్రం నుంచి బయటికి వచ్చే వాయువు వేడి (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) గాని 80 డిగ్రీల సెల్సియస్ దాటాలి, తేమ 10 శాతానికి మించరాదు. అంతటి యంత్రాలు మన పురపాలక సంఘాల స్తోమతకు అందేవి కావు, ఇంధనం ఖర్చు చూస్తే అవసరమని కూడా నేననుకోను. మనకు అందుబాటులో ఉన్న మార్గం, ఆరిన స్లడ్జ్‌లో ఊక, ఎండుటాకులు, కొబ్బరి పొట్టు వంటివి కలిపి పొడవాటి కుప్పలుగా వేసి మాగబెట్టడం. అదే నిబంధనలు ఈ పద్ధతికి 55 డిగ్రీల వేడి కనీసం 15 రోజులు నిలవాలని, ఆ వ్యవధిలో కుప్పను కనీసం ఐదుసార్లు తిరగవేయాలని చెబుతాయి. తిరగవేయకపోతే చల్లగా ఉండే అంచుల్లోని గుడ్లు చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరును కుప్ప నడుమకు దించి రోజూ చూసి రాసుకోవాలి. చేయి పెట్టి వేడిగా ఉందని చెప్పే అంచనా చాలదు. సున్నం కలిపితే వాసన, ఈగలు తగ్గుతాయి, బాక్టీరియా కూడా చాలావరకు చస్తుంది గాని, ఏలికపాముల గుడ్ల విషయంలో సున్నాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

పరీక్షల దగ్గరే క్యాలెండరు తప్పుతుంది. కోలిఫాం, సాల్మొనెల్లా అనే పేగుల బాక్టీరియా పరీక్షల ఫలితాలు కొద్ది రోజుల్లోనే వస్తాయి. గుడ్లు బతికి ఉన్నాయో లేదో తేల్చడానికి మాత్రం ప్రయోగశాలలో వాటిని 26 డిగ్రీల దగ్గర దాదాపు 28 రోజులు పొదగనిచ్చి చూస్తారు. అంటే మృగశిర నాటికి అమ్మదలచుకున్న కుప్ప నమూనా మే మొదటి వారానికే ప్రయోగశాలకు చేరాలి, ఆ కుప్ప మాగడం అంతకు ముందే పూర్తి కావాలి. నమూనాను పైపైన దోసిలితో తీయకుండా, కుప్పలో పలుచోట్ల లోతు నుంచి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను మాత్రం ఉంచుకుంటూ చివరికి మిగిలినదాన్ని శుభ్రమైన డబ్బాలో పంపాలి. ఫలితం వచ్చేవరకు ఆ కుప్ప మీద కొత్త స్లడ్జ్ ఒక్క తట్ట కూడా పడకూడదు. ‘ఎ’ తరగతికి అమెరికా పెట్టిన హద్దులు ఇవి: గ్రాము పొడి సరుకులో మలసంబంధ కోలిఫాం 1000 లోపు గాని, 4 గ్రాముల్లో సాల్మొనెల్లా 3 లోపు గాని ఉండాలి, వేడిని, వ్యవధిని లెక్కగట్టకుండా పరీక్షల మీదే ఆధారపడేవారు 4 గ్రాముల్లో బతికున్న గుడ్డు ఒక్కటి కూడా లేదని చూపాలి. మన కుప్పల్లో వేడి అంతటా సమంగా ఉండదు కనుక, రెండూ చేయించడమే మంచిదని నా అభిప్రాయం.

వేడి తగిలినా పోనివి లోహాలు. నీరు పోయేకొద్దీ సరుకులో వాటి వంతు పెరుగుతుంది. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు (ఊరి చెత్తతో చేసే ఎరువుకు) కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, రాగి 300, జింకు 1000, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15 మిల్లీగ్రాములు మించరాదని పరిమితి పెట్టింది. ఇవి అమెరికా పరిమితుల కంటే చాలా కఠినమైనవి. అక్కడ కాడ్మియం 39, సీసం 300 వరకు చెల్లుతుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగే కదా అని ధీమా పడటానికి లేదు. బంగారు మెరుగు పెట్టే దుకాణాలు, ప్లేటింగ్ షెడ్లు, బ్యాటరీ పనివాళ్లు ఊరి డ్రైనేజీలోకే వదులుతారు; హైదరాబాద్‌లోనైతే పటాన్‌చెరు పరిశ్రమల శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని అంబర్‌పేట కేంద్రం వైపు మళ్లించేందుకు 18 కిలోమీటర్ల గొట్టమే వేశారు. మీ కేంద్రానికి ఏ ప్రాంతపు నీరు వస్తోందో తెలుసుకుని, లోహాల పరీక్ష ప్రతి లాటుకూ చేయించాలి. పీఫాస్ అనే, తేలిగ్గా విచ్ఛిన్నం కాని రసాయనాల సంగతి ఇంకా కష్టం: అవి స్లడ్జ్ ద్వారా పొలాలకు, బావులకు చేరినందువల్ల అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో స్లడ్జ్‌ను పొలాల్లో వేయడాన్నీ, దానితో చేసిన ఎరువు అమ్మకాన్నీ నిషేధించింది.

మాగిన సరుకును వాన నుంచి కాపాడటం మరో పని. మళ్లీ తడిస్తే సాల్మొనెల్లా తిరిగి పెరుగుతుంది. అంతవరకు చేయించిన పరీక్ష కాగితానికి విలువ ఉండదు. సరుకును ఎత్తైన గచ్చు మీద, రేకుల కప్పు కింద, చుట్టూ కాలువ తీసి ఉంచాలి. పచ్చి స్లడ్జ్ మోసిన పారలు, తట్టలు, ట్రాలీలు ఇటు రాకూడదు. మడుల నుంచి దిగే నీరు, కుప్పల ఊట శుద్ధి కేంద్రంలోకే తిరిగి పోవాలి, చెరువు వైపు వదలరాదు. బస్తాలు పేర్చేవారు ఇంకో ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి: తేమ మిగిలిన సరుకు పెద్ద రాశిగా ఉంటే తనంత తానే వేడెక్కి లోలోపల రాజుకోగలదు, మరీ పొడైన సరుకు దుమ్ము మూసిన గదిలో నిప్పురవ్వకు అంటుకోగలదు. చల్లారిన తరువాతే బస్తాకెత్తాలి, గాలి ఆడేలా వరుసలు వేయాలి, గోడౌన్‌లో బీడీలు, వెల్డింగ్ ఉండరాదు.

పనివారికి గమ్ బూట్లు, చేతొడుగులు, ఎన్-95 మాస్కులు, చేతులు కడుక్కునే నీరు, సబ్బు తప్పనిసరి. ధనుర్వాతం టీకా, వైద్యుల సలహాపై నులిపురుగుల మాత్రలు కూడా ఇప్పించాలి. స్లడ్జ్ గుంత మూత తీసి ఎవరినీ లోపలికి దించరాదు. అందులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు ముక్కును మొద్దుబారుస్తుంది, తరువాత మనిషిని పడగొడుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం కింద నేరం.

ఇక కొనే రైతులు. బస్తా మీద స్లడ్జ్‌తో తయారైనదని రాసి ఉండాలి. వర్మీ కంపోస్టు అనో, వట్టి సేంద్రియ ఎరువు అనో అమ్మితే తీసుకోకండి. అమెరికా సేంద్రియ ప్రమాణాలు మురుగు స్లడ్జ్‌ను పూర్తిగా నిషేధించాయి కనుక, ఆ ధ్రువీకరణతో పసుపో మిరపో ఎగుమతి చేసేవారు దీన్ని దగ్గరికి రానివ్వకూడదు. ‘ఎ’ తరగతికి చేరని, దాని కింది ‘బి’ తరగతి సరుకు విషయంలో అక్కడి నిబంధనలు చెప్పే వ్యవధులు మనకూ పనికొస్తాయి: నేలను తాకే ఆకుకూరల వంటి పంట కోయడానికి 14 నెలలు ఆగాలి; ముల్లంగి, వేరుశనగ వంటి నేలలోపలి పంటలకు, స్లడ్జ్ నాలుగు నెలలైనా పైనే ఉండి తరువాత మట్టిలో కలిస్తే 20 నెలలు, అంతకంటే ముందే కలిపేస్తే 38 నెలలు; పశువులను మేపడానికి 30 రోజులు. అయితే ఆ నిబంధనలు రాసినవారి కళ్లముందు వరి మడి లేదు. నాట్లు వేసే కూలీలు రోజంతా వట్టి కాళ్లతో బురదలో నిలబడతారు, కొంకిపురుగు పిల్లలు పాదాల చర్మం గుండానే ఒంట్లోకి దూరతాయి. అందువల్ల పూర్తిగా మాగి, పరీక్షలో నెగ్గని సరుకును వరికి, కూరగాయలకు అసలు వాడవద్దు. సుబాబుల్, జామాయిల్ తోటలకైతే దుక్కిలో కలిపి వాడవచ్చు. బావి, చెరువు, వాగు పక్కన వేయకూడదు, పెద్ద వాన సూచన ఉన్న రోజున చల్లకూడదు.

అమ్మినవారు లాటు నంబరు, కుప్ప వేడి పట్టిక, పరీక్ష ఫలితం, కొన్న రైతు పేరు, పొలం సర్వే నంబరు ఒకే రిజిస్టరులో రాసి ఉంచాలి. రైతు ఆ ఫలితం నకలు అడిగి తీసుకున్నాకే డబ్బు ఇవ్వాలి. తరువాత ఎప్పుడైనా ఒక లాటులో లోహమో గుడ్లో బయటపడితే, ఏ పొలానికి కబురు పంపాలో ఆ రిజిస్టరు తెరిస్తే తెలిసిపోతుంది.