బ్రెజిల్ లోతట్టు ఊరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీయడం ఎలా

బ్రెజిల్ లోతట్టు ప్రాంతంలోని చిన్న ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లు ముందుగా 'ఈ ఊరు కట్టిందెవరు' అని వెతుకుతారు. అది ఆఖర్న చూసుకోవచ్చు. ఏ ఏడాది ఊరికి ఏ పేరుండేది, ఆ పేరు కింద ఎంత నేల ఉండేది అన్న రెండూ ముందు తేలాలి. లేకపోతే పక్క ఊరి కథ మన ఊరి ఖాతాలో పడుతుంది.

జాతీయ గణాంక సంస్థ ఐబీజీఈ వెబ్‌సైట్‌లో ప్రతి మునిసిపియోకూ (ఊరూ చుట్టుపక్కల నేలా కలిసిన స్థానిక పాలనా విభాగం) ఒక పేజీ ఉంది. అందులో చరిత్ర భాగం కింద పాలనాపరమైన ఏర్పాటు వివరాలు ఉంటాయి: ఏ చట్టంతో జిల్లా అయింది, ఎవరి నుంచి విడిపోయింది, దాని నుంచి ఏవి విడిపోయాయి. (ఇక్కడ జిల్లా అంటే మునిసిపియోలో ఒక ముక్క, మన జిల్లా అంత పెద్దది కాదు.) వీటిని పట్టికగా రాసుకోండి: ఏడాది, చట్టం నంబరు, పేరు, హోదా, పోయిన ముక్కలు. ఆ పేజీలో వీటికి పైనున్న ఊరి కథనాన్ని మాత్రం సరిచూడకుండా నమ్మకండి. ఐబీజీఈయే 1957–1964 మధ్య 36 సంపుటాల్లో తెచ్చిన మునిసిపియోల విజ్ఞానసర్వస్వం కూడా తిరగేయండి. 1950ల నాటి పంటలు, దారులు, ఫొటోలు అందులో దొరుకుతాయి.

హోదా మాటల దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. చక్రవర్తుల కాలంలో ముందు చిన్న ప్రార్థనా మందిరం, తర్వాత ఫ్రెగెజియా అంటే చర్చి పారిష్, ఆ పైన సొంత పాలకసభ ఉన్న విలా. సిదాజి, అంటే నగరం, అన్నది చాలావరకు గౌరవ బిరుదు. 1938 మార్చి 2 నాటి 311వ డిక్రీ-చట్టం దీన్ని మార్చేసింది: మునిసిపియో కేంద్రం ఎంత చిన్నదైనా సిదాజి, జిల్లా కేంద్రం విలా. అంటే 1860లో విలా సొంత పాలకసభతో సొంతిల్లు గలది, 1950లో విలా మరో ఊరి మునిసిపియోలో అద్దెకున్నది.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. ఉబెర్లాండియాకు 1929 దాకా ఉబెరాబిన్యా అనే పేరు. అనాపోలిస్ 1907 దాకా సంతానా దాస్ అంతాస్. 1943–44లో దేశంలో ఒకే పేరున్న ఊళ్లు ఉండకూడదని చాలావాటి పేర్లు మార్చారు. స్పెల్లింగూ మారింది: గోయాస్ రాష్ట్రం పేరులో అప్పట్లో ఐ బదులు వై, చివర ఎస్ బదులు జెడ్ ఉండేవి. అందుకే జాతీయ గ్రంథాలయం వారి డిజిటల్ పత్రికల భాండాగారంలో ఇప్పటి పేరు కొడితే ఏమీ రాకపోవచ్చు. పాత పేరు, పాత స్పెల్లింగు, పేరులో సగం ముక్క, ఇలా దశాబ్దం వారీగా వెతకండి. మాసిన అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది.

జనాభా లెక్కలు 1872, 1890, 1900, 1920, 1940 నుంచి 1980 వరకు పదేళ్లకోసారి, ఆ తర్వాత 1991, 2000, 2010, 2022. 1910, 1930లలో జరగలేదు కాబట్టి ఆ ఖాళీల్లో గీత గీసి అంకె పుట్టించకండి. 1872 లెక్క పారిష్‌ల వారీగా ఉంటుంది, స్వతంత్రులు వేరు, బానిసలు వేరు. అసలు ప్రమాదం సరిహద్దులది. 1940లో దేశంలో 1,574 మునిసిపియోలు, 2010లో 5,565. రెండు జిల్లాలు విడిపోతే జనం ఎటూ పోకపోయినా 'జనాభా సగమైంది' అని రాసేస్తారు. కాబట్టి 1940 నాటి సరిహద్దు పట్టుకుని, అందులోంచి పుట్టిన మునిసిపియోలన్నిటి జనాభా ప్రతి లెక్కలోనూ కలపండి.

విడిపోవడం ఎదిగినందుకే అనుకోవద్దు. కేంద్రం మునిసిపియోలకు పంచే నిధిలో 10,188 మంది దాకా ఉన్న ఊళ్లన్నిటికీ ఒకటే గుణకం, 0.6. మూడు వేల మంది ఊరికీ పది వేల మంది ఊరికీ ఒకే రాష్ట్రంలో వాటా సమానమైతే, విడిపోవాలని ఎవరికుండదు? 1996లో 15వ రాజ్యాంగ సవరణ దానికి కళ్లెం వేసింది.

ఎదుగుదలకు కారణం రాసేముందు తేదీలు పక్కపక్కన పెట్టండి. మోజియానా కంపెనీ రైలు 1883లో రిబేరావ్ ప్రేతోకు, 1895లో ఉబెరాబిన్యాకు చేరింది. అనాపోలిస్‌కు రైలు 1935లో గానీ రాలేదు. స్టేషన్ కంటే ముందే జనం పెరిగి ఉంటే ఘనత రైలుది కాదు. పరానా రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఊరైతే 1975 జులై 18 నాటి మంచు కాటు చూడాల్సిందే: కాఫీ తోటలు మాడాయి, సోయా వచ్చింది, యంత్రాలొచ్చాక కూలీల అవసరం తగ్గింది.

భూమి పత్రాలకు 1850 భూచట్టం తర్వాత పారిష్ పూజారులు రాసిన రిజిస్టర్లు ఆధారం. వాటిలో హద్దులు వాగులు, పొరుగువాళ్ల పేర్లతోనే ఉంటాయి. కొలతల్లో జాగ్రత్త: అల్కేరి అనే పాత భూమి కొలత సావ్ పావ్లోలో 24,200 చదరపు మీటర్లు, మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో దానికి రెట్టింపు. పొడవు కొలత బ్రాసా 2.2 మీటర్లు, పాత వీధుల మధ్య దూరం 88 మీటర్లు వస్తే అది 40 బ్రాసాలన్నమాట.

పుట్టినరోజు దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి: అది దేని తేదీ? రిబేరావ్ ప్రేతో 1856 జూన్ 19ని జరుపుకుంటుంది, మునిసిపియో అయింది మాత్రం 1871లో. ఇక స్థాపకుడు. ఊరి తొలి ప్రార్థనా మందిరానికి నేల రాసిచ్చిన దస్తావేజు నోటరీ కార్యాలయంలోనో చర్చి ఆర్కైవ్‌లోనో వెతకండి. దాతలు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే, విగ్రహం ఒక్కరికే ఉన్నా, అందరి పేర్లూ రాయండి.