రెంబ్రాంట్ ‘మూడు చెట్లు’: ఒక చిన్న ఎచింగ్‌ను చూడవలసిన పద్ధతి

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1643లో చేసిన ‘మూడు చెట్లు’ ఎచింగ్ (రాగి రేకుపై గీసి కాగితంపై అచ్చు తీసిన బొమ్మ) సుమారు 21 సెంటీమీటర్ల ఎత్తు, 28 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. అయినా ఆయన ప్రకృతి దృశ్యాల ఎచింగులలో అదే అన్నిటికంటే పెద్దది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో దీన్ని ఎంతైనా పెద్దది చేసి చూసుకోవచ్చు గాని, ఆ పని వెంటనే చేయకండి.

ముందుగా బొమ్మ మొత్తాన్ని అసలు పరిమాణంలోనే ఉంచి, ఎక్కడ చీకటి ఉంది, ఎక్కడ వెలుతురు ఉంది అన్నది మాత్రం గమనించండి. ఎడమవైపు మబ్బులు కమ్ముకొని ఉంటాయి. కుడివైపు తెల్లని ఆకాశం ముందు మూడు చెట్లు నల్లగా నిలబడి ఉంటాయి. ఆ తెలుపంతా గీత పడకుండా వదిలిన కాగితమే.

ఇప్పుడు గీతలను దగ్గరగా చూడండి. రాగి రేకుకు మైనపు పూత పూసి, దానిపై సూదితో గీసి, రేకును ఆమ్లంలో ముంచితే పూత లేచిన చోట మాత్రమే రాగి తినబడుతుంది. అలా ఏర్పడిన గాడుల్లో నిలిచిన సిరాను తడి కాగితం ప్రెస్సు ఒత్తిడికి పీల్చుకుంటుంది. మైనంపై సూది కాగితంపై కలంలా తేలికగా కదులుతుంది కాబట్టే ఆకుల గీతలు అంత స్వేచ్ఛగా మెలికలు తిరిగాయి. వాటి పక్కనే ఎడమ పైమూలన, స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలుగా దిగే వాన గీతలను పోల్చి చూడండి. ఈ బొమ్మకు ప్రాణం ఆ వైరుధ్యంలోనే ఉందని నా నమ్మకం.

మనుషులను చివరికి అట్టిపెట్టుకోండి. ఎడమవైపు నీటి ఒడ్డున గాలం వేసిన మనిషి, అతని పక్కన కూర్చున్న స్త్రీ త్వరగానే కనిపిస్తారు. కుడివైపు గట్టు మీద ఒక చిత్రకారుడు కూర్చుని గీసుకుంటూ ఉంటాడు. కుడి కింది భాగంలోని పొదలో దాగిన ప్రేమజంట మాత్రం అంత సులభంగా దొరకదు. ఆ నల్లని గీతల అల్లికపై చూపు నిలిపి, కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి.

వీలైతే మరో మ్యూజియంలోని ప్రతిని కూడా పక్కన పెట్టి చూడండి. రెంబ్రాంట్ ఇందులో కొన్ని గీతలను ఆమ్లం లేకుండా నేరుగా రాగిపైనే గీశాడు. అలాంటి గీత పక్కన లేచే సన్నని రాగి అంచు మఖమల్ లాంటి నలుపునిస్తుంది, కాని కొన్ని ప్రతులు తీసేసరికే అరిగిపోతుంది. నలుపు ఎక్కడ మెత్తగా, నిండుగా ఉందో, ఎక్కడ పలచబడిందో చూస్తే, ఏది ముందు అచ్చయిన ప్రతి కావచ్చో మీరే ఊహించగలుగుతారు.