కుక్క వెనుక కాళ్లు తూలితే: డిస్క్ వ్యాధి గుర్తింపు, చికిత్స

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ గట్టిపడి, పగిలి లేదా ఉబ్బి వెన్నుపామును నొక్కినప్పుడు కుక్కకు నొప్పి, తూలుడు, చివరకు పక్షవాతం వస్తాయి. డాక్స్‌హుండ్, బీగిల్, షిట్జు వంటి జాతుల్లో ఇది నడివయసులోనే హఠాత్తుగా కనిపిస్తుంది; లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో వయసు మళ్లాక మెల్లగా ముదురుతుంది.

రోజూ అరుగు దూకే కుక్క జంకినా, వీపు వంచి నిలబడినా, ఎత్తుకోగానే అరిచినా అనుమానించాలి. నిలబడగలిగే కుక్క నడుమును చేత్తో ఆనించి పట్టుకుని, వెనుక పాదాన్ని మడిచి దాని పైభాగాన్ని నేలకు ఆనించండి. వెంటనే సరిచేసుకోకపోతే నరాల పని మందగించినట్లే. కాళ్లు పూర్తిగా పడిపోతే, వైద్యుడు వేలి ఎముకను గట్టిగా నొక్కి చేసే పరీక్ష అత్యంత కీలకం. కుక్క కాలు లాక్కోవడం చాలదు, ఎందుకంటే మెదడుకు సంకేతం అందకపోయినా కాలు ముడుచుకుంటుంది. అది తల తిప్పి చూడాలి, లేదా అరవాలి. ఆ నొప్పి తెలుస్తుంటే శస్త్రచికిత్స తర్వాత ఎక్కువ కుక్కలు మళ్లీ నడుస్తాయి. తెలియకపోతే ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే కాళ్లు పడిపోయిన కుక్కను తెల్లవారేదాకా చూద్దామని ఉంచకూడదు.

ఎక్స్‌రేలో ఎముక విరగడం తెలుస్తుంది గానీ వెన్నుపాము కనిపించదు. ఎమ్మారై గానీ సిటి స్కాన్ గానీ కావాలి. కడప జిల్లావారు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలను, అనంతపురంవారు బెంగళూరును, కర్నూలువారు హైదరాబాదును సంప్రదించవచ్చు. ఆ స్కాన్, వెన్ను శస్త్రచికిత్స అక్కడ ఉన్నాయో లేదో ముందే ఫోన్‌లో కనుక్కుని, కుక్కను చెక్క పలక మీద కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్లండి.

నడవగలిగే కుక్కకు కనీసం 4 వారాలు బోనులో విశ్రాంతే అసలు చికిత్స. మందులతో నొప్పి తగ్గగానే అది పరుగెత్తాలని చూస్తుంది, అప్పుడే డిస్క్ మరింత జారే ప్రమాదం ఉంది కనుక మూత్రానికి తప్ప బయటికి వదలకండి. మన ఇళ్లలోని నున్నటి కడప బండల మీద కాళ్లు జారతాయి, కాబట్టి గోనెపట్టాలు పరవండి. మెడ పట్టీకి బదులు ఛాతీ పట్టీ వాడండి. మెలోక్సికామ్ వంటి నొప్పి, వాపు తగ్గించే మందుతో స్టెరాయిడ్ కలిపి ఇవ్వకూడదు. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ బిళ్లలు అసలే వద్దు, అవి కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

మూత్రం పోయలేని కుక్కకు పొట్ట కింద నొక్కి రోజుకు 3, 4 సార్లు మూత్రాశయం ఖాళీ చేయాలి. ఆ పద్ధతిని వైద్యుడి ఎదుటే చేసి చూపించి, సరిగా వచ్చిందనిపించాకే కుక్కను ఇంటికి తీసుకురండి.