"ఇంతేనా?" అనిపించకుండా అమరావతి, ఉండవల్లి చూపించడం ఎలా

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి మా పిన్ని కొడుకు వస్తే గుంటూరు నుంచి బండి మీద అమరావతి బౌద్ధ స్తూపానికి తీసుకెళ్లా. గేటు దాటి ఒక్క చుట్టు తిరిగి "ఇంతేనా అన్నయ్యా" అన్నాడు. నాకు చాలా బాధేసింది కానీ తప్పు వాడిది కాదు, దారి పొడుగునా సాంచీ లాంటిది సాంచీ లాంటిది అని ఊదరగొట్టింది నేనే, వాడి కళ్లలో సాంచీ గుమ్మటం ఉంటే ఎదురుగా ఉన్నదేమో గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన రాతి పలకలు.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు రోజు రాత్రే అన్నం తినేటప్పుడు అడుగుతా, అమరావతి అంటే నీకేం కనపడుతోంది అని. వాళ్లు చెప్పిందాన్ని బట్టి అప్పుడు అసలు సంగతి చెప్పాలి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చేసరికే ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టడాల కోసం ఆ దిబ్బలోంచి రాళ్లు తీయిస్తున్నాడు, తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో ఇంగ్లీషు అధికారి తవ్వించిన శిల్పాలు మద్రాసు వెళ్లాయి, వాటిల్లో చాలా వరకు అక్కణ్ణుంచి లండన్ చేరాయి. ఇప్పుడు మంచి మంచి పలకలన్నీ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. ఇది తెలిసి వెళ్తే ఆ ఖాళీ చూసే తీరే మారిపోద్ది.

ఇంకొకటి, ఇది తప్పకుండా చెయ్యండి. ఆ లండన్ పలకల్లో ఒకదాని మీద శిల్పులు ఈ స్తూపాన్నే చెక్కారు, గుమ్మం దగ్గర సింహాలు, వరసగా ఐదు స్తంభాలు, పైన గుమ్మటమంతా శిల్పాలే. ఆ ఫొటో ఫోన్లో సేవ్ చేసుకుని దిబ్బ దగ్గర ఏదో ఒక దిక్కున ముందుకు పొడుచుకొచ్చిన చోట నిలబడి తెరవండి. నాలుగు దిక్కులా అలా పొడుచుకొచ్చిన అరుగుల మీద ఐదేసి స్తంభాలు ఉండేవి, వాటినే ఆయక స్తంభాలు అంటారు, అవి నిలబడిన చోటు మీ కాళ్ల దగ్గరే. మా అత్త అలా ఫోనూ దిబ్బా మార్చి మార్చి చూస్తూ అరగంట కదల్లేదు. పక్కనే మ్యూజియం ఉంది, శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

ఏ ఫొటోలూ చూడకుండా ఫ్రెష్‌గా వెళ్లమంటారు కొందరు, నేను ఒప్పుకోను. మనసులో ఏదో ఒక బొమ్మ ఎటూ ఉంటది, అదేదో సరైనది పెట్టుకుంటే సరిపోద్ది.

ఉండవల్లి గుహలకి వెళ్లేవాళ్లకి అజంతా పేరు ఎత్తొద్దు, రంగుల బొమ్మల కోసం గోడలు వెతుక్కుంటారు. ఒక్క ఇటుక పెట్టకుండా కొండని తొలిచిన నాలుగంతస్తుల ఇల్లు అని చెప్పండి చాలు. అందరూ నేరుగా పడుకున్న అనంతపద్మనాభ స్వామి దగ్గరికి పోయి ఫొటో తీసుకుని దిగిపోతారు, మీరు ముందు పని సగంలో ఆపేసిన చోట్లు వెతికించండి, అక్కడే తెలుస్తది ఎలా చెక్కారో.

ప్రకాశం బ్యారేజీకి కూడా ఇదే ఇబ్బంది. టీవీల్లో గేట్లన్నీ ఎత్తిన సీను చూసి ఏప్రిల్లో వస్తే దిగువన ఇసుక, బండలు. గేట్లు ఎత్తేది వరదొచ్చినప్పుడే కదా. మిగతా రోజుల్లో ఎగువ వైపు నిలబడమనండి, నీళ్లు ఆపేది అటే కాబట్టి నిండుగా ఉంటది, సాయంత్రం ఐదున్నరకల్లా వెళ్తే సూర్యుడు దిగేదీ అటే.