చైనా వంటింటి వైద్యం, పాఠం 4: ఆలుగడ్డ పట్టీ నింపడం

పోయిన పాఠంలో అల్లానికి గుణం (వేడా చలువా), రుచి, దారి (ఒంట్లో ఏ అవయవానికి చేరి పనిచేస్తుందని వాళ్ల లెక్క) అని మూడు గడులు నింపాం కదా, ఈసారి అదే పట్టీ ఆలుగడ్డకి. ఈజీ అనుకుంటారు గానీ ఇందులో ఒక తిరకాసు ఉంది.

ఆలుగడ్డ చైనాది కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా ఆండీస్ కొండలు, చైనాకి చేరేసరికి అక్కడ ఏలిన మింగ్ రాజవంశం చివరి రోజులు, అంటే సుమారు నాలుగొందల ఏళ్ల కిందట. అందుకే పాత మూలికల పుస్తకాల్లో అల్లానికున్నంత చరిత్ర దీనికి దొరకదు, జనం వాడి చూసి తర్వాత పట్టీలో ఇరికించారు. పేర్లు చూసినా తెలుస్తుంది, కొన్ని ఊళ్లలో యాంగ్‌యూ అంటారు, అంటే సీమ చామదుంప అన్నమాట, ఇంకో పేరు మాలింగ్‌షు అంటే గుర్రం మెడలో గంటలాంటి దుంప (నాకు ఇదే నచ్చింది).

ఇక పట్టీ. గుణం గడిలో "సమం" అని రాయండి, వేడీ కాదు చలువా కాదు. మన ఇళ్లల్లో వాతం చేస్తుందని పెద్దవాళ్లు పక్కన పెడతారు చూడండి, ఆ లెక్క ఇక్కడికి తేకండి, రెండు వైద్యాలు కలిపేస్తే ఏదీ రాదు. రుచి తీపి. చక్కెర తీపి కాదు, అన్నం మెతుకు బాగా నమిలితే వస్తుందే ఆ తీపి, వాళ్ల లెక్కలో అది ఒంటికి బలమిచ్చే రుచి. దారి గడిలో ముందు కడుపు రాయండి, తోడుగా కొందరు ప్లీహం (స్ప్లీన్) అంటారు, కొందరు పెద్దపేగు అంటారు. వాళ్లకి ప్లీహం అంటే అరుగుదల చూసుకునేది, మన డాక్టర్లు చెప్పే ప్లీహం కాదు.

మూడు గడులూ కలిపి చదివితే వాడకం అదే వస్తుంది: నీరసపడిన కడుపుకి మెత్తగా ఉడికించి పెట్టడం. పచ్చి రసం తాగమని కూడా కొందరు చెప్తారు, నేనైతే ఈ కోర్సులో నేర్పను, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

పైపూత వాడకం మాత్రం ఇంట్రెస్టింగ్. సెలైన్ ఎక్కించాక నరం వాచి ఎర్రబడితే చైనా ఆస్పత్రుల్లో నర్సులు పచ్చి ఆలు ముక్కలు పెట్టడం మామూలే, దాని మీద అక్కడ స్టడీలు కూడా వచ్చాయి. ప్రాక్టీస్‌కి చిన్న దెబ్బ తగిలి కమిలిన చోట చేయండి. దుంప కడిగి తొక్క తీసి పల్చగా చక్రాలు కోసి, చర్మం మీద పరిచి పైన గుడ్డ వదులుగా చుట్టండి, ముక్క ఎండి వెచ్చబడగానే మార్చేయండి. చర్మం చిట్లితే వద్దు. కాలు ఒకటే వాచి నొప్పిగా ఉంటే దుంప కోస్తూ కూర్చోకండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి.

పచ్చబడినవీ మొలకలు బాగా వచ్చినవీ పారేయండి, వాటిలో సోలనిన్ అనే విషం పెరుగుతుంది, ఉడికించినా పెద్దగా పోదు.

హోంవర్క్: ఇదే పట్టీ పెసలకి నింపండి. క్లూ ఏంటంటే ఎండాకాలం చైనా ఇళ్లల్లో పెసల నీళ్లు కాచి తాగుతారు. జవాబు పాఠం 5 లో చూద్దాం.