నిమ్మగడ్డి నూనెకి పాత కెగ్గు వాడేవాళ్లు పొయ్యి వెలిగించే ముందు

నిమ్మగడ్డి కోత దగ్గరపడుతోంది. మా విజయనగరం వైపు ఎకరమో అరెకరమో గడ్డి వేసినవాళ్లు ఒకరిద్దరు ఈమధ్య నన్ను ఒకటే అడిగారు: పాత బీరు కెగ్గు దొరికింది, దాన్ని ఆవిరి బాయిలర్‌గా మార్చుకుని నూనె తీయొచ్చా అని. తీయొచ్చు. 50 లీటర్ల స్టీలు పీపా తుప్పు పట్టదు, మంటకి నిలుస్తుంది. అయితే అది గట్టిగా మూసి ఉండే పాత్ర. ప్రమాదమంతా అక్కడే ఉంది.

కొనేటప్పుడు రసీదు అడగండి. కెగ్గులు సాధారణంగా బీరు కంపెనీ సొత్తే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సరుకు మనకెందుకు? రంగులు, పెట్రోలు, పురుగుమందులు పోసిన డ్రమ్ములైతే అసలు ముట్టుకోవద్దు. కడిగినా లోపల ఆవిర్లు మిగిలిపోతాయి, గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు పేలడానికి. ఇంకో మాట, ఈ సామానుతో సారా కాయాలనే ఆలోచన ఉంటే మానేయండి. అది నేరం, పైగా ప్రాణాల మీదకు తెస్తుంది.

కెగ్గు ఖాళీగా కనిపించినా లోపల గ్యాసు ఒత్తిడి ఉండొచ్చు. పైన వాల్వ్ మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకి పెట్టి, మధ్యలోని బిళ్లను నొక్కి గాలి పూర్తిగా పోనివ్వండి. బుస్సుమనడం ఆగాకే వాల్వ్‌ని పట్టి ఉంచే రింగు తీయాలి. తొందరపడితే లోపలి పొడుగాటి గొట్టం తూటాలా పైకి లేస్తుంది. తర్వాత నీళ్లతో బాగా కడిగి, కోయడం, వెల్డింగ్ స్టీలు పని తెలిసిన షాపులోనే చేయించండి. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) ముక్కలు అతికించవద్దని వాళ్లకి చెప్పండి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

ఇక అసలు సంగతి, ఆవిరి దారి. కెగ్గులో పుట్టిన ఆవిరి పైపులో గడ్డి నింపిన మూత డ్రమ్ములోకి వెళ్లి, నూనెని వెంటబెట్టుకుని కండెన్సర్‌లోకి, అంటే ఆవిరిని చల్లబరిచే గొట్టంలోకి పోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్లవుతాయి. గడ్డి డ్రమ్ములో ముక్కలు కిక్కిరిసినా, పైపులో పీచు అడ్డుపడినా ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? మా షెడ్డులో ఒకసారి పైపు మూసుకుపోయి మూత ఎగిరి పడింది. అదృష్టం, దగ్గర ఎవరూ లేరు. 40 సెంటీమీటర్ల మూత కింద ఒక బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడి చేరితే దాన్ని పైకి తోసే బలం టన్ను పైమాటే. అందుకే కెగ్గు మీద సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే తానే తెరుచుకునేది) ఉండి తీరాలి, కండెన్సర్ చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఆవిరి పైపు ముందు జాలీ పెట్టాలి. మూతని బోల్టులతో బిగించి టెన్షన్ లేదనుకోకండి, అది ప్రమాదాన్ని పెంచడమే.

నీళ్లు 35 లీటర్లకు మించి పోయొద్దు, అడుగంటనివ్వొద్దు. మంట ఆర్పేముందు కెగ్గు పై కుళాయి కొద్దిగా తెరవండి. లేకపోతే లోపలి ఆవిరి చల్లబడి శూన్యమై, బయటి నీటిని వెనక్కి లాగుతుంది, పలచటి డ్రమ్ము నలిగిపోతుంది కూడా.

పొయ్యి పూరింటికి, గడ్డివాముకి దూరంగా, గాలి వాలు చూసి పెట్టండి. మాకైతే వేసవిలో సాయంత్రం ఈదురుగాలి మొదలయ్యే వేళకి మంట ఆరిపోయి ఉండాలి. నూనె సీసాలు పొయ్యి పక్కన ఉంచకండి, అదీ మండుతుంది.

ఆవిరి తగిలి కాలితే 20 నిమిషాలు మామూలు కుళాయి నీరు పోయండి. ఇంకు, టూత్‌పేస్ట్ పూయొద్దు, బొబ్బలు చిదపొద్దు. ముఖం మీదైనా, అరచేయికంటే పెద్దదైనా 108కి ఫోన్ చేయండి.